ఐహెచ్‌సీలో ‘పాజిటివ్’ అని రాస్తే క్యాన్సర్ ఉన్నట్టేనా?

ఐహెచ్‌సీ అంటే కణాల్లో ఏయే ప్రొటీన్లున్నాయో రంగు పట్టించి చూసే ల్యాబు పరీక్ష. అండాశయంలో గడ్డ తీయించుకున్నవాళ్ల ఇళ్ల నుంచి నాకు వచ్చే ఫోన్లలో చాలావరకు ఒకటే ప్రశ్న. “మేడమ్, పాక్స్8 పాజిటివ్, డబ్ల్యూటీ1 పాజిటివ్ అని ఉంది, అమ్మకి క్యాన్సరే కదా?” కాదండీ, ఆ రెండు ముక్కలతో అలా తేల్చేయకూడదు. పాజిటివ్ అంటే ఆ కణంలో ఆ ప్రొటీన్ ఉందని, అంతే. ఈ రెండూ ఫెలోపియన్ ట్యూబు లోపలి పొరలో మామూలుగానే ఉంటాయి, ఏ హానీ లేని సీరస్ సిస్టులోనూ (పల్చటి నీరు నిండిన తిత్తి) ఉంటాయి. కణాలు ఎక్కడివో చెప్పడానికే అవి పనికొస్తాయి. మంచివా చెడ్డవా అన్నది ముందు మామూలు హెచ్ అండ్ ఈ స్లైడు (కణాల ఆకారం కనిపించేలా రంగులద్దిన గాజుపలక) మీద చూస్తాం: కేంద్రకాలు ఎంత పెద్దవి, ఒకదానికొకటి పోలికుందా, ఎన్ని కణాలు విభజనలో ఉన్నాయి, కింది కణజాలంలోకి చొచ్చుకెళ్లాయా అని.

ఆ మధ్య ఒకబ్బాయి వాళ్లమ్మ పొట్టనీరు రిపోర్టు వాట్సాప్‌లో పంపాడు. కాల్‌రెటినిన్, డబ్ల్యూటీ1 పాజిటివ్. పాక్స్8, బెర్‌ఈపీ4 నెగటివ్. పైగా అండాశయ క్యాన్సర్ అనుమానంతో చేసే రక్తపరీక్ష సీఏ-125 ఎక్కువ. ఇంట్లో రెండు రోజులుగా ఎవరూ సరిగా తినలేదట. నాలుగూ కలిపి చదివితే అవి పొట్ట లోపలి పొర తాలూకు మీసోథీలియల్ కణాలు; వాపు వల్ల ఉబ్బి అనుమానాస్పదంగా కనిపిస్తాయి. తర్వాత బయాప్సీలో టీబీ అని తేలింది. పొట్ట టీబీలో సీఏ-125 పెరగడం మేం తరచూ చూసేదే.

ఇంతకన్నా ప్రమాదం ‘నెగటివ్’ చూసి ఊరట చెందడం. పీ53 అనే ప్రొటీన్ సంగతే చూడండి. హై గ్రేడ్ సీరస్ (తీవ్రమైన అండాశయ క్యాన్సర్ రకం) క్యాన్సర్లలో దాదాపు అన్నిటిలోనూ దాన్ని తయారుచేసే జన్యువు పాడై ఉంటుంది. అప్పుడు స్లైడు మీద కేంద్రకాలన్నీ ముదురు గోధుమ రంగులోకి మారచ్చు, లేదా ఒక్కదానికీ రంగే పట్టకపోవచ్చు. పక్కనున్న స్ట్రోమా (ఆధార కణజాలం) కణాలకు లేతగా రంగు పట్టి, గడ్డ కణాలు మాత్రం ఖాళీగా ఉంటే అది నల్ ప్యాటర్న్, అంటే అసహజమే. మామూలు కణాల్లో ముదురు, లేత, అసలు పట్టనివి అన్నీ కలిసి ఉంటాయి. ‘నెగటివ్ వచ్చింది, ఆపరేషన్ తర్వాత చూద్దాం’ అని వాయిదా వేసేవాళ్లను చూస్తే నాకు నిజంగా భయమేస్తుంది. ప్లస్సులూ మైనస్సులూ లెక్కపెట్టకండి, చివర్లో ఇంప్రెషన్ (డాక్టరు తుది అభిప్రాయం) దగ్గర ఏం రాశారో చదవండి.

బయాప్సీ అనగానే ‘సూది గుచ్చితే క్యాన్సర్ పాకుతుంది’ అంటారు. అండాశయానికే పరిమితమైన సిస్టు విషయంలో ఆ భయం సబబే. అది క్యాన్సరైతే, ఆపరేషన్‌లో పగిలినా స్టేజి 1సీ అవుతుంది, అందుకే పగలకుండా మొత్తంగా తీస్తారు. అప్పటికే పొట్టంతా వ్యాపించినప్పుడు మాత్రం బయాప్సీ లేకుండా కీమో మొదలుపెట్టడం సరికాదు. ‘బోర్డర్‌లైన్’ అంటే ల్యాబు తేల్చలేకపోయిందని కాదు, అదొక ప్రత్యేకమైన గడ్డ రకం.

సెకండ్ ఒపీనియన్‌కు వెళ్లేటప్పుడు స్లైడ్లతో పాటు పారాఫిన్ బ్లాకులు (గడ్డ ముక్కను మైనంలో భద్రపరిచినవి) కూడా అడిగి తీసుకోండి. కొత్త మార్కర్లు (పైన చెప్పినలాంటి ప్రొటీన్ పరీక్షలు) వేయాలంటే ఆ బ్లాకులోంచే కోయాలి.