"మన డబ్బాలోనే ఉండాదిగా!": సొంత టాస్క్ బోర్డు అపోహలు - వాస్తవాలు

ఒంగోలులో ఉండి చిన్న వ్యాపారాలకు వెబ్ యాప్‌లు చేసిపెడుతుంటాను. చీమకుర్తి గ్రానైట్ యూనిట్లు, ఒకటి రెండు రొయ్యపిల్లల హేచరీలు. ఎక్కువమంది అడిగేది పనులు రాసుకునే మూడు గడుల బోర్డే. చేయాల్సినవి, జరుగుతున్నవి, అయిపోయినవి. నెలనెలా చందా కట్టే పని లేకుండా ఆఫీసులో ఓ మూల చిన్న డబ్బాలో, అంటే చిన్న కంప్యూటర్‌లో, పెట్టమంటారు. పెడతాను. బ్యాకప్ మాట ఎత్తితే మాత్రం అందరిదీ ఒకటే జవాబు: "మన డబ్బాలోనే ఉండాదిగా అన్నా, డేటా యాడికి పోద్ది?"

పోద్ది. నా చేతుల మీదుగానే పోయింది.

ఒక గ్రానైట్ యూనిట్‌కి డాకర్‌లో బోర్డు పెట్టాను. యాప్‌ని కంటెయినర్ అనే విడి పెట్టెలో నడిపే సాధనం అది. డేటాబేస్ ఎస్‌క్యూలైట్, అంటే డేటాను ఒక ఫైలులో దాచేది. ఆ ఫైలుకు వాల్యూమ్, అంటే కంటెయినర్ తీసేసినా మిగిలే చోటు, తగిలించడం మరిచాను. కంటెయినర్‌ని ఆపి మళ్లీ లేపితే లోపలి ఫైళ్లు అట్లాగే ఉంటాయి కాబట్టి ఏడు నెలలు తప్పు బయటపడలేదు. అప్‌డేట్ రోజు పాత కంటెయినర్ తీసేసి కొత్తది లేపాను. మూడు గడులూ ఖాళీ. "ఏందన్నా, ఏమీ కనపడ్డంలా?" అన్నాడు ఓనరు. గొంతు తడారిపోయింది నాకు. అక్కడి గుమాస్తా బోర్డును నమ్మక పక్కన నోటుబుక్కులో కూడా రాసుకుంటుండబట్టి నాలుగు రోజులు కూర్చొని మళ్లీ ఎక్కించాం.

సరే, బ్యాకప్ తీసేవాళ్లయినా నిశ్చింతగా ఉండొచ్చా అంటే, అదీ లేదు. "రోజూ రాత్రి డీబీ (డేటాబేస్) ఫైలు పెన్‌డ్రైవ్‌లోకి కాపీ కొడుతున్నాం" అంటారు. ఎస్‌క్యూలైట్‌లో వాల్ (WAL) మోడ్ అని ఒకటుంది, 2010 నుంచీ ఉంది, చాలా యాప్‌లు దాన్ని ఆన్ చేసుకుంటాయి. అప్పుడు కొత్త మార్పులు ముందు పక్కనున్న వాల్ ఫైలులో పడతాయి. అక్కడ మామూలుగా వెయ్యి పేజీలు (ఎస్‌క్యూలైట్ డేటాను రాసుకునే చిన్న ముక్కలు), అంటే సుమారు 4 ఎంబీ, పోగయ్యాకే అసలు ఫైలులోకి చేరతాయి. చిన్న బోర్డులో ఇందుకు రోజులు పట్టొచ్చు. యాప్ నడుస్తుండగా అసలు ఫైలొక్కటే కాపీ కొడితే మీ చేతికొచ్చేది పాత బోర్డు. సరిగ్గా రాసే సమయంలో కొడితే పాడైన ఫైలు కూడా రావచ్చు. ఎస్‌క్యూలైట్‌దే బ్యాకప్ ఆదేశం ఉంది, లేదా పూర్తి కాపీని కొత్త ఫైలులో రాసే వాక్యూమ్ ఇంటూ ఆదేశం వాడండి. ఆ కాపీ డబ్బా పక్కనే కాకుండా వేరే చోట ఉండాలి. నెలకోసారి దాన్ని వేరే మెషీన్‌లో తెరిచి చూడండి. తెరవని బ్యాకప్‌ను నేను లెక్కలోకే తీసుకోను.

రెండు డిస్కులు మిర్రర్ చేశాం, ఒకదాంట్లో రాసింది రెండోదాంట్లోనూ పడుతుంది అంటారు కొందరు. ఒకదాంట్లో చెరిపితే రెండోదాంట్లోనూ చెరిగిపోతుంది సామీ.

మిగతావి గబగబా చెప్పేస్తా. పెద్ద సర్వర్ కావాలా? పదిమంది ఆఫీసుకు పాత ల్యాప్‌టాప్ చాలు. స్టాటిక్ ఐపీ, అంటే మారని ఇంటర్నెట్ అడ్రసు? ఆఫీసు వైఫైలో వాడేదానికి అక్కర్లేదు. బయటినుంచి కావాలంటే వైర్‌గార్డ్ (ఆఫీసు నెట్‌వర్క్‌లోకి భద్రమైన దారి వేసే సాఫ్ట్‌వేర్) పెట్టుకోండి, బోర్డు పోర్టును ఇంటర్నెట్‌కి తెరిచి వదిలేయొద్దు. లోపలి నెట్‌వర్కే కదా పాస్‌వర్డ్ ఎందుకంటారా, ఆ వైఫై పాస్‌వర్డ్ టీ కుర్రాడి దగ్గర కూడా ఉంది. వీడియో చూసి మీరే కట్టుకున్న బోర్డయితే, డేటా బ్రౌజర్ లోకల్ స్టోరేజ్‌లో (బ్రౌజర్ తన దగ్గరే దాచుకునే చోటులో) పడుతోందేమో చూసుకోండి. అట్లాంటి బోర్డు ఆ ఒక్క మెషీన్‌లో, ఆ ఒక్క బ్రౌజర్‌లోనే కనిపిస్తుంది. బ్రౌజర్‌లో సైట్ డేటా చెరిపారంటే అదీ ఉండదు.

అనవసరంగా భయపడేవాళ్లూ ఉన్నారు, వాళ్ల మీద మాత్రం నాకు కోపం రాదు. కావలి దగ్గరి హేచరీ మేనేజరు ఒకాయన రాత్రి పదకొండింటికి ఫోన్ చేశాడు. కరెంటు పోయి డబ్బా ఆగిపోయింది, బోర్డంతా పోయిందేమోనని. కరెంటు పోయినా తట్టుకునేలాగే ఎస్‌క్యూలైట్‌ని కట్టారు. రాత సగంలో ఆగితే తిరిగి లేచినప్పుడు ఆ సగాన్ని వదిలేసి అంతకుముందు స్థితి నుంచి మొదలవుతుంది. డిస్కు బాగుంటే చాలు. "పడుకోండి సార్, పొద్దున చూద్దాం" అన్నాను. పొద్దున బోర్డులో అన్నీ ఉన్నాయి, ఆయన ఆఖరున రాసిన మేత ఆర్డరుతో సహా.