రిపోర్టు బాగుంది, మరి మనిషి? మెటబాలిక్ సిండ్రోమ్, జీవన నాణ్యత: నేపథ్యం

మెటబాలిక్ సిండ్రోమ్ అంటే మధుమేహం, గుండెజబ్బుల ముప్పు పెంచే తేడాలు ఒకే మనిషిలో గుంపుగా ఉండటం. అది ఉందో లేదో తేల్చే ఐదు కొలతల్లో మనిషి నోటితో చెప్పేది ఒక్కటీ లేదు. నడుము సంగతి టేపు చెబుతుంది, రక్తపోటు సంగతి బీపీ యంత్రం చెబుతుంది. చక్కెర, ట్రైగ్లిజరైడ్లు, మంచి కొలెస్ట్రాల్ సంగతి పరగడుపున తీసిన రక్తం చెబుతుంది. పొద్దున లేస్తూనే ఉండే నీరసం, మెట్లెక్కితే ఆయాసం, మోకాళ్ల నొప్పి, రాత్రంతా తెగిపోయే నిద్ర, వదలని దిగులు వీటిలో ఎక్కడా లెక్కకు రావు. రిపోర్టు బాగుపడినా ఒంట్లో బాగున్నట్టు అనిపించకపోవడానికి, ఒంట్లో ఏమీ లేకపోయినా రిపోర్టు చేతికొచ్చాక బెంగ పట్టుకోవడానికి మూలం ఇక్కడే ఉంది. ఈ నిర్వచనాన్ని తయారుచేసింది రోగి బాధను కొలవడానికి కాదు.

రక్తపోటు, రక్తంలో ఎక్కువ చక్కెర, ఎక్కువ యూరిక్ యాసిడ్ ఒకే మనిషిలో కలిసి కనిపిస్తున్నాయని స్వీడన్ వైద్యుడు ఎస్కిల్ కిలిన్ 1923లోనే రాశాడు. ఇన్సులిన్‌కు లొంగే మధుమేహం వేరు, లొంగనిది వేరు అని 1936లో హెరాల్డ్ హిమ్స్‌వర్త్ చూపించాడు. కొవ్వు ఎంత ఉందన్నది ఒక్కటే కాదు, ఒంట్లో ఎక్కడ చేరిందన్నదీ ముఖ్యమేనని 1947లో ఫ్రాన్స్‌లోని మార్సెయ్‌కి చెందిన జాన్ వాగ్ గుర్తించాడు. ఈ విడివిడి పరిశీలనలను ఒక్క తాటి మీదకు తెచ్చింది 1988లో అమెరికాలో జెరాల్డ్ రీవెన్ చేసిన బ్యాంటింగ్ ఉపన్యాసం, అంటే అక్కడి మధుమేహ సంఘం ఏటా ఏర్పాటుచేసే గౌరవ ఉపన్యాసం. ఇన్సులిన్‌ను శరీరం లెక్కచేయకపోవడమే (ఇన్సులిన్ నిరోధకత) అన్నిటికీ మూలమని చెప్పి, ఆ గుంపుకు 'సిండ్రోమ్ ఎక్స్' అని పేరు పెట్టాడు. అందులో ఊబకాయాన్ని ఆయన చేర్చలేదు, ఎందుకంటే సన్నగా ఉన్నవాళ్లలోనూ ఇన్సులిన్ నిరోధకత ఉంటుంది. వీళ్లందరి ముందూ ఉన్న ప్రశ్న ఒకటే: ఎవరికి మధుమేహం వస్తుంది, ఎవరి గుండె దెబ్బతింటుంది? పదేళ్ల తర్వాత రాబోయే ప్రమాదం గురించే వెతికారు తప్ప, ఈ రోజు ఆ మనిషి ఎలా గడుపుతున్నాడన్నది అప్పటికి ఎవరి ప్రశ్నా కాదు.

తర్వాత నిర్వచనాలు వరసగా వచ్చాయి. 1998లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన దానిలో ఇన్సులిన్ నిరోధకతకు రుజువు తప్పనిసరి కావడంతో మామూలు క్లినిక్‌లో వాడటం కష్టమైంది. 2001లో అమెరికా కొలెస్ట్రాల్ నిపుణుల బృందం ఐదింటిలో ఏ మూడున్నా చాలంది. 2005లో అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య నడుము చుట్టుకొలతను తప్పనిసరి చేసి, జాతిని బట్టి హద్దులు మార్చింది. 2009లో ప్రధాన సంస్థలు కలిసి ఒప్పుకున్న నిర్వచనం మళ్లీ 'ఐదింటిలో మూడు' దగ్గరికే వచ్చింది. ట్రైగ్లిజరైడ్లు 150 లేదా ఆపైన. మంచి కొలెస్ట్రాల్ మగవాళ్లలో 40కి, ఆడవాళ్లలో 50కి తక్కువ. పరగడుపు చక్కెర 100 లేదా ఆపైన, ఇవన్నీ డెసిలీటరుకు మిల్లీగ్రాముల్లో. రక్తపోటు పైది 130 లేదా కిందిది 85, ఆపైన. నడుము ఆయా జనాభాకు నిర్ణయించిన హద్దు దాటితే. దక్షిణాసియా వాళ్లకు ఆ నడుము హద్దు మగవాళ్లలో 90, ఆడవాళ్లలో 80 సెంటీమీటర్లు.

జీవన నాణ్యతను అర్థం చేసుకోవాలంటే ఈ లెక్క లోపల ఏముందో చూడాలి. ఐదింటిలో మూడు, నాలుగు లేదా ఐదూ ఉండే కలయికలు మొత్తం 16. నడుము పెరిగి, బీపీ, చక్కెర ఎక్కువైన మనిషీ, నడుము హద్దులోనే ఉండి బీపీతో పాటు రక్తంలోని కొవ్వులు మాత్రం తేడాగా ఉన్న మనిషీ ఒకే పేరు కిందికి వస్తారు. మొదటివాళ్లకు మోకాళ్లు, గురక, అలసట ఉండే అవకాశం ఎక్కువ. రెండోవాళ్లకు ఏమీ తెలియకపోవచ్చు. ఇద్దరి సగటు తీసి 'మెటబాలిక్ సిండ్రోమ్ ఉన్నవారి జీవన నాణ్యత' అంటే ఇద్దరికీ అన్యాయమే. ఇంకో చిక్కు ఉంది: 2009 నిర్వచనంలో మందు వాడుతున్నా ఆ అంశం ఉన్నట్టే లెక్క. మాత్రలతో బీపీ 120కి దిగినా ఆ గీత చెరగదు, కష్టపడి అంకెలు దించుకున్న మనిషి మీద ఆ ముద్ర అలాగే ఉంటుంది.

టేపు విషయంలోనూ తేడాలొస్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పద్ధతిలో ఆఖరి పక్కటెముక కింది అంచుకూ తుంటి ఎముక పై అంచుకూ సరిగ్గా మధ్యలో, సాగని టేపుతో, ఊపిరి మామూలుగా వదిలాక కొలవాలి. అమెరికాలో వాడుకలో ఉన్న పద్ధతిలో తుంటి ఎముక పై అంచు మీదుగానే కొలుస్తారు. టేపు ఏటవాలుగా పడినా, కడుపు లోపలికి పీల్చినా, దుస్తుల మీంచి కొలిచినా అంకె మారి మనిషి హద్దుకు అటో ఇటో వెళ్లిపోతాడు. 2005లో అమెరికా, యూరప్ మధుమేహ సంఘాలు కలిసి ఈ సిండ్రోమ్‌ను గట్టిగా ప్రశ్నించాయి: విడివిడి ప్రమాదాల కంటే ఈ గుంపు అదనంగా ఏం చెబుతోందని. నిర్ధారణగా దీనివల్ల ప్రయోజనం లేదని రీవెన్ కూడా ఆ రోజుల్లోనే వాదించాడు.

జీవన నాణ్యతను కొలిచే పని వేరే దారిలో సాగింది. ఆరోగ్యమంటే రోగం లేకపోవడం మాత్రమే కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1948లో అన్నా, ఆ మాటను ప్రశ్నల రూపంలోకి తేవడానికి దశాబ్దాలు పట్టింది. ఐదు అంశాలతో ఈక్యూ-5డీ అనే ప్రశ్నావళి 1990లో వచ్చింది. 36 ప్రశ్నలు, ఎనిమిది విభాగాలతో ఎస్ఎఫ్-36 ప్రశ్నావళి 1992లో ప్రచురితమైంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన జీవన నాణ్యత ప్రశ్నావళికి 26 ప్రశ్నల సంక్షిప్త రూపం ఇచ్చింది. దాంతో శరీరం, మనసు, సంబంధాలు, పరిసరాలు నాలుగూ లెక్కలోకి వచ్చాయి.

మందుల విషయంలో మలుపు 1986లోనే కనిపించింది. రక్తపోటు ఉన్న 626 మంది మగవాళ్లకు 24 వారాలపాటు కాప్టోప్రిల్, మిథైల్‌డోపా, ప్రొప్రనలాల్ అనే బీపీ మందుల్లో ఏదో ఒకటి ఇచ్చి పోల్చిన పరీక్షలో బీపీ మూడింటితోనూ దాదాపు ఒకేలా దిగింది. కానీ కాప్టోప్రిల్ వాడినవాళ్లు మిథైల్‌డోపా వాడినవాళ్ల కంటే బాగున్నామని చెప్పారు. ఒకే అంకె సాధించినా రోజులు గడిచే తీరు వేరుగా ఉండొచ్చని అది తేల్చింది. అంతకు ముందే, 1978లో, కెనడాలోని హామిల్టన్ ఉక్కు కార్మికులపై వచ్చిన అధ్యయనం ఇంకా లోతైన సంగతి చెప్పింది. బీపీ ఉందని కొత్తగా తెలిసిన కార్మికులు పనికి రాని రోజులు సుమారు 80 శాతం పెరిగాయి. మందు మొదలుపెట్టారా లేదా అన్నదానితో దానికి సంబంధం కనపడలేదు, జబ్బుందని చెప్పడమే ఆ మార్పు తెచ్చింది. ఐదు అంశాలకు ఒకే పెద్ద పేరు పెట్టి చెప్పేటప్పుడు ఈ ఫలితాన్ని గుర్తుంచుకోవాల్సింది.

అంకెల కోసం మనిషిని మరిస్తే ఏమవుతుందో రిమొనబాంట్ అనే బరువు తగ్గించే మందు చరిత్ర చూపిస్తుంది. మెటబాలిక్ సిండ్రోమ్‌కు ఇంతకంటే సరిపోయే మందు లేదన్నట్టుగా వచ్చింది. బరువు, నడుము తగ్గాయి, ట్రైగ్లిజరైడ్లు దిగాయి, మంచి కొలెస్ట్రాల్ పెరిగింది. 2006లో యూరప్‌లో అనుమతి లభించింది. 2007లో అమెరికా సలహా సంఘం మాత్రం ఒప్పుకోలేదు. ఆకలిని తగ్గించడానికి అది అడ్డుకున్న మెదడు గ్రాహకాలకు మనసు స్థిమితంతోనూ సంబంధముంది, అందుకే కుంగుబాటు, ఆందోళన, ఆత్మహత్య ఆలోచనలు బయటపడ్డాయి. ప్రధాన పరీక్షల్లో తీవ్ర కుంగుబాటు ఉన్నవాళ్లను చేర్చుకోలేదు, బయటి ప్రపంచంలో వాడినవాళ్లలో అలాంటివాళ్లూ ఉన్నారు. 2008 అక్టోబరులో యూరప్‌లో దాని అమ్మకం ఆగింది. నా దృష్టిలో ఈ కథనంలో అన్నిటికంటే ముఖ్యమైన ఘట్టం ఇదే. ఐదు కొలతల్లో చాలావరకు బాగుపడుతుండగానే మనసు దెబ్బతింది, ఆ దెబ్బను చూపే గడి నిర్వచనంలో లేదు.

సిండ్రోమ్‌నూ జీవన నాణ్యతనూ ముడిపెట్టి చూసే అధ్యయనాలు ఎక్కువగా 2000 తర్వాత వచ్చాయి. మొత్తంగా తేలింది ఇదీ: శారీరక విభాగాల్లో స్కోరు తక్కువగా ఉంటుంది. మానసిక విభాగాల్లో ఫలితాలు అన్నిచోట్లా ఒకలా లేవు. బరువునూ కుంగుబాటునూ లెక్కలోంచి తీసేస్తే తేడా చాలావరకు తగ్గిపోతుంది. దీన్నిబట్టి మనిషిని ఇబ్బంది పెట్టేది ట్రైగ్లిజరైడ్ల అంకె కాదు, దాని పక్కనే ఉండే భారం, నొప్పి, నిద్రలేమి, దిగులు. చికిత్స కూడా కొన్నిసార్లు భారమే. 1999లో వెలువడ్డ బ్రిటన్ మధుమేహ అధ్యయన ఫలితాల్లో చికిత్సా విధానం వల్ల జీవన నాణ్యత పెద్దగా మారలేదు, కానీ సమస్యలు ముదిరినవాళ్లకూ, చక్కెర మరీ పడిపోవడం తరచూ ఎదురైనవాళ్లకూ అది తగ్గింది.

2002లో అమెరికా మధుమేహ నివారణ పరీక్ష వారానికి 150 నిమిషాల నడక లాంటి శ్రమ, 7 శాతం బరువు తగ్గుదల లక్ష్యంతో కొత్తగా మధుమేహం రావడాన్ని 58 శాతం మేర తగ్గించింది. అలా జీవనశైలి మార్చుకున్న బృందంలో శారీరక స్కోర్లు కొద్దిగా మెరుగుపడ్డాయి, అదీ ప్రధానంగా బరువు తగ్గడం ద్వారానే. 2021లో బరువు తగ్గించే మందు సెమాగ్లుటైడ్ పరీక్షలో 68 వారాల్లో సగటున 14.9 శాతం బరువు తగ్గింది. ఎస్ఎఫ్-36లోని శారీరక సామర్థ్యం అక్కడ ముందుగానే ప్రకటించిన ఫలితాల్లో ఒకటి. రోగి మాటకు ఎట్టకేలకు పరీక్ష పట్టికలో చోటు దొరికింది. అయితే వికారం, వాంతులు ఆ మందుతో సాధారణం, కాబట్టి మోతాదు పెంచే వారాల్లో తీసిన స్కోరును మాత్రమే చూసి తీర్పు చెప్పకూడదు.

ఏ ప్రశ్నావళి వాడాలన్నది ఏం వెతుకుతున్నామన్నదాన్ని బట్టి ఉంటుంది. ఈక్యూ-5డీ త్వరగా పూర్తవుతుంది కానీ అందులో అలసటకూ నిద్రకూ ప్రశ్నే లేదు, మధ్యవయసు వాళ్లు ఐదింటికీ 'ఇబ్బంది లేదు' అని రాసి పూర్తి మార్కులతో బయటపడతారు. ఎస్ఎఫ్-36లో ఓపిక గురించి నాలుగు ప్రశ్నలున్నాయి, ఈ సిండ్రోమ్‌లో ముందుగా చూడాల్సిన విభాగం అదే. ఎస్ఎఫ్-36ను చదవడంలో తరచూ జరిగే తప్పు నొప్పి స్కోరు దగ్గర: అక్కడ ఎక్కువ మార్కులంటే తక్కువ నొప్పి. 3 నుంచి 5 పాయింట్ల తేడా ఉంటేనే మనిషికి తెలిసేంత మార్పుగా చూస్తారు. పగటి నిద్రమత్తుకు 1991 నాటి ఎప్‌వర్త్ స్కేలు ఉంది: ఎనిమిది సందర్భాలు, 24 మార్కులు, 10 దాటితే నిద్రలో ఊపిరి ఆగే జబ్బు ఉందేమో చూడాలి. కుంగుబాటుకు తొమ్మిది ప్రశ్నల పీహెచ్‌క్యూ-9లో 27కి 10 లేదా ఆపైన వస్తే వివరంగా మాట్లాడాలి. ఆఖరి ప్రశ్న ప్రాణం తీసుకునే ఆలోచన గురించి కాబట్టి, మొత్తం ఎంతైనా సరే, దానికి సున్నా కాని జవాబు వస్తే అదే రోజు పట్టించుకోవాలి.

ఇవన్నీ డాక్టరు గదిలోకి వెళ్లకముందే, రక్తపరీక్ష ఫలితం చెప్పకముందే నింపించాలి. ఫలితం విన్నాక నింపితే ఆ క్షణపు బెంగ కూడా స్కోరులో కలిసిపోతుంది. మళ్లీ మూడు నెలలకు, ఆ మూడు నెలల సగటు చక్కెర చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష తీసే రోజునే, అదే ప్రశ్నావళి అదే క్రమంలో ఇవ్వాలి, ఈలోగా మార్చిన మందుల పేర్లూ మోతాదులూ ఆ కాగితం మీదే రాయాలి. ఓపిక స్కోరు పడిపోతే అది జబ్బు వల్లా, బీపీకి కొత్తగా మొదలైన బీటా బ్లాకర్ మందు వల్లా, ఏళ్ల తరబడి చక్కెర మందు మెట్‌ఫార్మిన్ వాడకంతో తగ్గిన విటమిన్ బీ12 వల్లా అన్నది ఆ వివరాలు పక్కనుంటేనే తేలుతుంది.