ఫారో సమాధి దగ్గర పని ఆగిన రోజు

ఈజిప్టు ఫారో (రాజు) మూడవ రామెసెస్ పాలనలో 29వ ఏడాది, అంటే సుమారు క్రీ.పూ. 1157. నేటి లక్సర్ నగరానికి ఎదురుగా, నైలు పశ్చిమ తీరపు కొండల్లో ఫారో సమాధిని తొలిచే పనివాళ్లు పనిముట్లు వదిలి బయటికి నడిచారు. కాపలా ఉన్న ఐదు గోడలూ దాటి, మూడవ తుత్మోస్ ఆలయం వెనుక బైఠాయించారు. జీతంగా రావలసిన ధాన్యం అందక పద్దెనిమిది రోజులు గడిచిపోయాయి, ఆకలితో ఉన్నాం అని చెప్పారు. రాతపూర్వక ఆధారం దొరికిన సమ్మెల్లో ఇదే మొదటిది. ఆ వివరాలు రాసిన పపైరస్ (నీటి మొక్కతో చేసిన కాగితం) ఇప్పుడు ఇటలీలోని ట్యూరిన్ మ్యూజియంలో ఉంది.

ఈజిప్టు అనగానే చాలామందికి పిరమిడ్లు, మమ్మీలు, టుటన్‌ఖామున్ బంగారు ముసుగు గుర్తుకొస్తాయి. నాకు మాత్రం ఆ నాగరికత నిజస్వరూపం ఈ పపైరస్‌లోనే ఎక్కువగా కనిపిస్తుంది. దేవుడిగా పూజలందుకున్న రాజు బలమంతా ధాన్యపు గాదెల మీద, ఆ ధాన్యాన్ని కొలిచి పద్దు రాసే లేఖకుల మీద ఆధారపడి ఉండేది.

ఆ పనివాళ్ల ఊరిని ఇప్పుడు డెయిర్ ఎల్ మదీనా అంటారు. పొలాలకు దూరంగా ఎడారి లోయలో ఉండేది. తాగే నీళ్లు కూడా గాడిదల మీద రావలసిందే. రాళ్లు చెక్కేవాళ్లు, చిత్రకారులు, లేఖకులు కుటుంబాలతో అక్కడ కాపురం ఉండేవారు. వాళ్లకు వారమంటే పది రోజులు. సాధారణంగా ఎనిమిది రోజులు పని, రెండు రోజులు సెలవు. సమాధి లోపలి చీకట్లో వెలిగించే దీపాల వత్తులకు లెక్క ఉండేది. రాగి ఉలులు ప్రభుత్వానివి కాబట్టి వాటిని తూకం వేసి ఇచ్చి, తూకం వేసి తిరిగి తీసుకునేవారు. ఇవన్నీ మనకు తెలియడానికి కారణం సున్నపురాతి పెచ్చులు. పపైరస్ ఖరీదైనది కనుక రోజువారీ పద్దులు ఎక్కువగా ఆ పెచ్చుల మీదే రాసేవారు. రెండవ రామెసెస్ 40వ ఏట రాసిన ఒక హాజరు పట్టీలో ఎవరు ఎందుకు పనికి రాలేదో ఉంది: ఒకరిని తేలు కుట్టింది, ఒకరికి కళ్ల జబ్బు, ఒకరు ఇంట్లో బీరు కాచుకుంటున్నారు, మరొకరు చనిపోయిన తల్లికి అంత్యక్రియల ఏర్పాట్లలో ఉన్నారు. మూడు వేల ఏళ్ల నాటి మనుషులు ఇంత దగ్గరగా కనిపించే చోట్లు చరిత్రలో అరుదు.

నాణేలు లేని కాలమది. జీతమంటే ధాన్యమే. మామూలు పనివాడికి నెలకు నాలుగు ఖార్ల గోధుమ, ఒకటిన్నర ఖార్ బార్లీ. ఖార్ దాదాపు 76 లీటర్ల కొలత. గోధుమతో రొట్టె, బార్లీతో బీరు. ఇవి కాక చేపలు, కూరగాయలు, వంటచెరకు విడిగా వచ్చేవి. ఏటా నైలు వరద తెచ్చే ఒండ్రులో పండిన పంటలో కొంత పన్నుగా గాదెలకు చేరి, అక్కడి నుంచి ఇలా పంపిణీ అయ్యేది. ఈ ఏర్పాటు అప్పటికే చాలా పాతది. 2013లో ఎర్రసముద్ర తీరంలోని వాదీ అల్ జర్ఫ్‌లో బయటపడిన పపైరస్‌లలో మెరెర్ అనే అధికారి దినచర్య ఉంది. దాదాపు నలభై మంది బృందంతో టూరా గనుల నుంచి ఖుఫు అనే ఫారో పిరమిడ్‌కు పడవల మీద సున్నపురాయి చేరవేసిన లెక్క అది. రామెసెస్ సమ్మెకు సుమారు 1400 ఏళ్ల ముందు కూడా రాజు కట్టడం వెనుక ఉన్నవి పద్దు పుస్తకం, పూటకింత తిండి.

అందుకే ధాన్యం ఆగగానే పని ఆగింది. మొదటి రోజుతో ఆందోళన ముగియలేదు. పనివాళ్లు రెండవ రామెసెస్ స్మారక ఆలయానికీ వెళ్లారు. అక్కడ ధాన్యపు గాదెలు ఉండేవి. బట్టలు లేవు, నూనె లేదు, చేపలు లేవు, కూరగాయలు లేవు, మా సంగతి ఫారోకు రాయండి, మంత్రికి రాయండి అని అడిగారు. రాజు మీద తిరుగుబాటు మాట వాళ్ల నోట రాలేదు. లోకంలో ధర్మం నిలబెట్టడం ఫారో బాధ్యత అని ఈజిప్టు నమ్మకం. ఆ ధర్మాన్ని వాళ్లు మాత్ అనేవారు. తమ ఆకలి కబురు చేరితే రాజు న్యాయం చేస్తాడన్న ఆశ ఆ కోరికలో నాకు వినిపిస్తుంది. పోలీసు అధికారి మోంటుమోస్ కూడా వాళ్ల పక్షానే మాట్లాడాడు. ఇళ్లకు తాళాలు వేసి, భార్యాబిడ్డలను వెంటబెట్టుకుని రండి, మొదటి సేతి ఆలయానికి నేనే నడిపిస్తాను అన్నాడు. చివరకు బకాయిలు కొంత అందాయి. తర్వాతి నెలల్లో మళ్లీ కొరత, మళ్లీ సమ్మె. గాదెల్లోనే ఏమీ లేకపోయినా దొరికినది ఇస్తానని ‘తో’ అనే పేరున్న మంత్రి కబురు పంపి, సగం రేషన్ ఇప్పించాడు.

అదే సమయంలో ఆ మంత్రి రాజు 30వ ఏటి ఉత్సవం కోసం దేవతా విగ్రహాలను ఉత్తరానికి తరలించే పనిలో ఉన్నాడు. ఊరికి దగ్గరలోనే మూడవ రామెసెస్ కట్టించిన మెదినెత్ హబు ఆలయ గోడల మీద, సముద్రం మీదుగా దండెత్తి వచ్చిన సముద్ర జాతులను ఫారో ఓడించిన దృశ్యాలు భారీగా చెక్కి ఉన్నాయి. ఆ గెలుపు నిజమే. అయితే యుద్ధాల ఖర్చు, ఆలయాలకు ఇచ్చిన అపారమైన దానాలు కలిసి ఖజానాను కుంగదీశాయని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. ఆ దానాల జాబితా రాసిన పపైరస్ పొడవే 40 మీటర్లు దాటుతుంది.

మూడవ రామెసెస్ మీద అంతఃపురంలోనే కుట్ర జరిగింది. 2012లో ప్రచురితమైన సీటీ స్కాన్ పరిశోధన అతని మమ్మీ గొంతులో లోతైన కత్తి కోతను చూపింది. తర్వాత కొద్ది దశాబ్దాల్లో ధాన్యం ధరలు ఇంకా పెరిగాయి, సమాధుల దోపిడీలు ఎక్కువయ్యాయి. తొమ్మిదవ రామెసెస్ కాలంలో జరిగిన విచారణల పత్రాలు మిగిలాయి. దొంగలుగా పట్టుబడ్డవారిలో డెయిర్ ఎల్ మదీనా పనివాళ్లూ ఉన్నారు.