బియ్యం సంచి మీద గడియారం పేరు

మంచిర్యాల

పెద్దోడికీ చిన్నమ్మకూ తాత దీవెనలు.

మొన్న ఫోన్లో చిన్నమ్మ అడిగింది కదా, "తాతా, బియ్యం సంచి మీద హెచ్‌ఎంటీ అని ఉంది, అంటే ఏంటి?" అని. పక్కనుంచి మీ నాన్న "ఏదో కంపెనీ పేరులే" అనేశాడు. వాడు చెప్పింది సగం నిజమే. అది కంపెనీ పేరే, కాకపోతే బియ్యం కంపెనీ కాదు, గడియారాల కంపెనీ. ఫోన్లో మొదలుపెడితే మధ్యలో మీకు ట్యూషన్ టైమవుతుంది. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

నా పెళ్లికి మీ నానమ్మ వాళ్ల నాన్న పెట్టిన గడియారం హెచ్‌ఎంటీ. బీరువాలో ఉంది, ఈసారి వచ్చినప్పుడు చూపిస్తా. పొద్దున లేవగానే దానికి కీ ఇవ్వాలి. మరిచిపోయామా, మధ్యాహ్నానికల్లా ఆగి కూర్చుంటుంది. హిందుస్థాన్ మెషిన్ టూల్స్ అనే ప్రభుత్వ సంస్థ 1961లో, జపాన్ వాళ్ల సిటిజన్ కంపెనీ సాయంతో, బెంగళూరులో ఈ గడియారాలు చేయడం మొదలుపెట్టింది. మా రోజుల్లో పదో తరగతి పాసైనా, నౌకరీ దొరికినా, పెళ్లి కుదిరినా చేతికి హెచ్‌ఎంటీ రావాల్సిందే. బాగున్న వస్తువు అంటే అది అన్నమాట. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఇప్పుడు వడ్ల సంగతి. మహారాష్ట్రలో నాందేడ్ అని ఒక ఊరుంది. బాసర అవతల, గురుద్వారా ఉన్న పెద్ద నాందేడ్ కాదు. అదే పేరుతో చంద్రాపూర్ జిల్లా నాగభీడ్ తాలూకాలో ఉన్న చిన్న పల్లె. ఇక్కడ మంచిర్యాలలో రైలెక్కితే కాగజ్‌నగర్, సిర్పూర్ దాటి బల్లార్షా వస్తుంది. అక్కడి నుంచి గోండియా పోయే లైన్లో నాగభీడ్ తగులుతుంది. మనకు పొరుగే అనుకోండి. ఆ పల్లెలో దాదాజీ రామాజీ ఖోబ్రాగడే అనే రైతు ఉండేవాడు. చదివింది మూడో తరగతి. ఉన్న భూమి ఎకరంన్నర.

1983లో ఆయన పొలంలో పటేల్-3 అనే వరి ఉంది. కోతకొచ్చిన చేలో నడుస్తుంటే రెండు మూడు కంకులు తేడాగా కనిపించాయి. రంగు వేరు, పసుపు తిరిగి ఉన్నాయి. గింజ కూడా సన్నగా ఉంది.

ఇలాంటివి ప్రతి పొలంలోనూ ఉంటాయి. వాటిని బెరుకులు అంటాం, కొన్నిచోట్ల కేళీలు అంటారు. విత్తనం కోసం వదిలిన మడిలో అయితే వాటిని తప్పకుండా పీకెయ్యాలి. నా చిన్నప్పుడు మా నాయన నన్ను ఆ పనికే చేలో దింపేవాడు. మిగతా వాటి కంటే ఎత్తుగా తలెత్తినదో, ముందే పండినదో, రంగు మారినదో కనబడితే పీకి గట్టు మీద పారేయడమే. గట్టు మీది బెరుకుల్ని గొడ్లు మేసేవి. ఎన్ని పారేసి ఉంటానో లెక్కే లేదు.

అసలు బెరుకు ఎందుకొస్తుంది? దీనికి వరి పువ్వు సంగతి తెలియాలి. వరికి పువ్వేమిటి అని నవ్వకండి, ఉంటుంది. పొద్దున తొమ్మిది, పది దాటాక కంకి దగ్గర కళ్లు పెట్టి చూస్తే, పచ్చటి వడ్లగింజ పొట్టు చిన్న పిట్ట నోరు తెరిచినట్టు తెరుచుకుంటుంది. లోపలి నుంచి సన్నని దారాల కొసన ఆరు పుప్పొడి సంచులు బయటికి వేలాడతాయి. గంటో గంటన్నరో, అంతే, మళ్లీ మూసుకుంటుంది. ఆ కాసేపట్లో తన పుప్పొడి తన మీదే రాలుతుంది. నూటికి తొంభైతొమ్మిది పూలు ఇంతే. కాబట్టి వరిలో తల్లి ఎలా ఉంటే పిల్లా అలాగే ఉంటుంది. మక్కజొన్న అలా కాదు, గాలికి పక్క చేను పుప్పొడి వచ్చి పడుతుంది. ఎప్పుడో ఒకసారి వరిలో కూడా పక్క మొక్క పుప్పొడి తగులుతుంది, లేదా గింజ లోపలే ఏదో మార్పు జరుగుతుంది, అదీ కాకపోతే విత్తనాల్లో వేరే రకం గింజ కలిసిపోయి ఉంటుంది. ఈ మూడింట్లో ఏదైనా బెరుకే. చూస్తే మాత్రం ఏది ఏదో తెలియదు. తెలియాలంటే మళ్లీ విత్తాలి.

దాదాజీ చేసింది అదే. ఆ కంకుల్ని కోసి, ప్లాస్టిక్ సంచిలో కట్టి దాచాడు. మరుసటి ఏడు తన పొలం మధ్యలో చిన్న జాగా చూసి ఆ గింజలు విడిగా వేశాడు. అది అడవి పక్క ఊరు, పందుల బెడద ఎక్కువ. అందుకని చుట్టూ ముళ్లకంప కొట్టి పెట్టాడు. ఎకరంన్నర రైతు తిండిగింజల జాగాలో కొంత తీసి, ఏమవుతుందో తెలియని దానికి ఇచ్చి కంచె వేశాడంటే ఇంట్లో వాళ్లు ఏమని ఉంటారో నేను ఊహించుకోగలను. మీ నానమ్మ అయితే నన్ను గట్టు దిగనిచ్చేది కాదు.

ఒక్క కంకికి నూటయాభై గింజలు అనుకుందాం. మూడు కంకులంటే నాలుగువందల యాభై, ఒక పిడికెడు కూడా కాదు. ఒక్కో గింజ ఒక్కో మొక్కయి, మొక్కకు పది పిలకలేసి, పిలకకో కంకి వచ్చిందంటే రెండో పంటకే లక్షల గింజలు! పెద్దోడూ, క్యాలిక్యులేటర్ తీసి చూడు. మరి అంత తొందరగా పెరిగేదానికి దాదాజీకి ఏళ్లెందుకు పట్టాయి? కాగితం మీద లెక్కకు ఎలుకా లేదు, పురుగూ లేదు, వాన ఎగ్గొట్టడమూ లేదు. పైగా ప్రతి పంటలోనూ మళ్లీ తేడా వచ్చినవి పీకేసి, సన్నగింజవే ఉంచుకోవాలి. రకం నిలబడిందా లేదా అని ఏడాదికొక్కసారే తెలుస్తుంది. గడియారానికైతే రోజూ కీ ఇస్తాం, వరికి ఏడాదికోసారే.

అలా ఆ దశకం చివరికి ఆయన దగ్గర ఆ విత్తనం సంచులు నిండేంత అయింది. వండి చూస్తే అన్నం బాగుంది, మిల్లులో నూక తక్కువ. 1990లో ఊళ్లో ఒక పెద్ద రైతు ఆ విత్తనం కొని నాలుగెకరాల్లో వేశాడు. పంట మార్కెట్‌కు పోయింది. వ్యాపారి అడిగాడు, ఇదేం రకం అని. రకానికి పేరు లేదు. అప్పట్లో అందరి మోజూ ఏ గడియారం మీద ఉందో చెప్పాను కదా, ఆ పేరే దీనికి తగిలించేశారు. గింజను కనిపెట్టినవాడి పేరు అడగాలని ఎవరికీ తోచలేదు.

ఆ తర్వాత అది ఒక్కచోట ఆగలేదు. చుట్టం ఇంటి నుంచి చుట్టం ఇంటికి, సంచీలో, తువ్వాల మూటలో విదర్భ దాటి ఛత్తీస్‌గఢ్, మధ్యప్రదేశ్, మన తెలంగాణ అంతా పాకింది. నాకూ మొదట ఒక బంధువు మూటగట్టి తెచ్చిచ్చాడు. ఎక్కడిదిరా అంటే "మహారాష్ట్రది" అన్నాడు, అంతే.

1994లో పంజాబ్‌రావ్ దేశ్‌ముఖ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం దాదాజీ దగ్గర ఐదు కిలోల విత్తనం తీసుకుంది. 1998లో దాన్ని శుద్ధి చేసి పీకేవీ-హెచ్‌ఎంటీ పేరుతో విడుదల చేసింది. రకాన్ని శుద్ధి చేయడం కూడా పనే, కాదనను. అయినా పేరు ముందు మూడక్షరాలు విశ్వవిద్యాలయానివి, వెనక మూడక్షరాలు గడియారానివి. ఎకరంన్నరవాడికి ఒక్క అక్షరం మిగల్లేదు. ఇది నాకిప్పటికీ మింగుడుపడదు. రైతు తీసిన రకాన్ని రైతు పేరునే నమోదు చేసుకునే చట్టం 2001లో గానీ రాలేదు. పండించుకున్న విత్తనం దాచుకోవడం, పంచుకోవడం, బ్రాండు వేయకుండా అమ్ముకోవడం రైతు హక్కు అని కూడా ఆ చట్టంలోనే రాశారు.

2005లో రాష్ట్రపతి అబ్దుల్ కలాం చేతుల మీదుగా ఆయనకు అవార్డు వచ్చింది. 2010లో ఫోర్బ్స్ పత్రిక ఆయన గురించి రాసింది. మహారాష్ట్ర ప్రభుత్వం బంగారు పతకం ఇచ్చింది. డబ్బుకు ఇబ్బందై ఆ పతకం అమ్మబోతే అందులో బంగారం అంతంతమాత్రమేనని తేలినట్టు పేపర్లలో వచ్చింది. చివరి రోజుల్లో పక్షవాతం వచ్చింది, వైద్యానికి కటకట. 2018 జూన్ 3న పోయాడు.

చెప్పడం మరిచా. హెచ్‌ఎంటీతో ఆయన ఆగలేదు. అదే పొలంలో ఇంకో అరడజను రకాలు తీశాడు. ఒకదానికి నాందేడ్-92 అని ఊరి పేరు పెట్టాడు. ఇంకోదానికి డీఆర్‌కే అని పెట్టాడు. ఏమిటా అక్షరాలు? దాదాజీ రామాజీ ఖోబ్రాగడే. ఈసారి వ్యాపారి అడిగేదాకా ఆగలేదు చూడండి!

ఇదంతా తెలిశాక నాకూ పురుగు కుట్టింది. మొన్నటేడు మన పొలంలో ఒక బెరుకు కంకిని పీకి పారేయకుండా కోసి, ఎండబెట్టి, అగరబత్తి డబ్బాలో దాచి, నిరుడు బోరు పక్కన మడిలో వేశాను. ఈతముల్లు కూడా నాటాను. నానమ్మ అడిగితే "రీసెర్చ్" అన్నా. కంకి వచ్చాక పక్క పొలం మల్లన్న గట్టు మీద నిలబడి, ఒక గింజ చిదిమి చూసి, "ఇది నేనేసిన వెయ్యిపది రకం వడ్లు గదనే, నాట్ల నాడు మీ మడిలకు కొట్టుకొచ్చుంటది" అన్నాడు.

దసరా సెలవులకు వచ్చినప్పుడు పది గంటలకల్లా లేచి చేలోకి రండి, పువ్వు చూపిస్తా. పెద్దోడా, పది అంటే పొద్దున పదే.

మీ తాత