వింబుల్డన్ గోల్ఫ్ మైదానం: 1993లో జరిగిన ఒక అమ్మకం

లండన్‌కు నైరుతిన ఉన్న వింబుల్డన్‌లో చర్చ్ రోడ్డుకు ఒక పక్క టెన్నిస్ క్లబ్బు, రెండో పక్క పాత గోల్ఫ్ మైదానం. అక్కడ 38 పచ్చిక కోర్టులు, వాటితో పాటు 8,000 మంది పట్టే స్టేడియం కడతామని ఆ టెన్నిస్ క్లబ్బు, అంటే ఆల్ ఇంగ్లాండ్ క్లబ్, 2021లో దరఖాస్తు పెట్టింది. అప్పటినుంచీ స్థానికులతో గొడవ సద్దుమణిగినట్టే ఉండి మళ్లీ రాజుకుంటోంది. 1877 నాటి తొలి పోటీలు, తెల్ల బట్టలు, స్ట్రాబెర్రీలు అందరికీ తెలిసినవే కాబట్టి వదిలేద్దాం. ఈ తగాదా అర్థం కావాలంటే 1993 దగ్గర ఆగాలి.

ఆ ఏడాది స్థానిక పాలక సంస్థ మెర్టన్ కౌన్సిల్ 73 ఎకరాల ఆ గోల్ఫ్ మైదానాన్ని 52 లక్షల పౌండ్లకు టెన్నిస్ క్లబ్బుకు అమ్మేసింది. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో వింబుల్డన్ పురపాలక సంఘం స్పెన్సర్ ప్రభువుల కుటుంబం నుంచి కొన్న పార్కులో ఇదీ ఒక భాగం. పొరుగున పిల్లలు ఆడుకునే పార్కు, పడవలు తిరిగే చెరువు కౌన్సిల్ దగ్గరే ఉండిపోయాయి, గోల్ఫ్ ముక్క చేతులు మారింది. జనం ఊరుకోలేదు. అందుకే దస్తావేజులో షరతులు రాసుకున్నారు: ఈ నేలను ఆటవిడుపుకే వాడాలి, ఖాళీ జాగాగానే ఉంచాలి, అడ్డగోలుగా కట్టడాలు లేపకూడదు. భూమి ఖాళీగా ఉండాలన్న స్థానికుల పట్టుదల తమకు తెలుసని, ఆ ప్రాతిపదిక మీదే కొన్నామని అప్పటి క్లబ్ ఛైర్మన్ జాన్ కర్రీ బహిరంగంగానే చెప్పారు. పైగా గోల్ఫ్ క్లబ్బు లీజు 2041 దాకా ఉంది. అందాకా దాన్ని ఎవరు తవ్వుతారులే అని ఊరు సర్దుకుంది.

కానీ 2018 డిసెంబర్లో టెన్నిస్ క్లబ్బు ఆ లీజును 6.5 కోట్ల పౌండ్లు పెట్టి ముందే విడిపించుకుంది. సుమారు 750 మంది గోల్ఫ్ సభ్యులకు తలా 85,000 పౌండ్ల దాకా ముట్టింది. భూమి కొన్నది 52 లక్షలకు, అందులో మిగిలిన లీజు వదిలించుకున్నది దానికి పన్నెండు రెట్లకు పైగా పెట్టి. అమ్మినప్పుడు ప్రజల సొమ్ముకు ఏం గిట్టిందో పాఠకులే లెక్క వేసుకోవచ్చు.

ఇక్కడివాళ్లకు ఖాళీ జాగా కోసం పోట్లాడటం కొత్త కాదు. 1864లో అయిదో ఎర్ల్ స్పెన్సర్ వింబుల్డన్ కామన్‌కు కంచె వేస్తానన్నాడు. మన ఊళ్ల పశువుల బీడు లాంటి ఉమ్మడి నేల అది. ఒక ముక్క అమ్మేసి, గాలిమర ఉన్నచోట తనకు ఇల్లు కట్టుకుంటానని ఆయన ప్రతిపాదన. హెన్రీ పీక్ లాంటి స్థానికులు ఏళ్ల తరబడి అడ్డుపడ్డారు. 1871లో పార్లమెంటు చట్టం చేసి కామన్‌ను కన్జర్వేటర్లనే సంరక్షకుల మండలికి అప్పగించింది, ప్రభువుకు ఏటా 1,200 పౌండ్ల భరణం రాసింది. ఇప్పటికీ కామన్‌కు ముప్పావు మైలు లోపల ఉన్న ఇళ్లవాళ్లు దాని కోసం విడిగా పన్ను కడతారు, కన్జర్వేటర్లలో ఎక్కువమందిని ఓటేసి ఎన్నుకుంటారు. బీడు కాపాడటానికి చేతి డబ్బు కట్టే ఊరికి 1993 నాటి షరతులు ఉత్త కాగితంలా కనిపించవు.

టెన్నిస్ మీద వీళ్లకు కక్ష ఏమీ లేదు. పోటీల పక్షం రోజులు సౌత్‌ఫీల్డ్స్ స్టేషన్ నుంచి జనం బారులు తీరితే, కొందరు ఇళ్లు అద్దెకిచ్చి ఊరు విడిచిపోతారు. పక్క పార్కులో రాత్రికి రాత్రే గుడారాలు వెలుస్తాయి, నంబర్ వేసిన క్యూ కార్డు పట్టుకుని తెల్లారి టికెట్ కోసం ఎదురుచూస్తారు. గోల్ఫ్ మైదానం అన్నాళ్లూ కార్ల పార్కింగే. వీళ్లు వద్దంటున్నది ఏళ్ల తరబడి సాగే తవ్వకాలను, లారీలను, నరికే చెట్లను. పద్దెనిమిదో శతాబ్దంలో పేరున్న ఉద్యానవన రూపశిల్పి కేపబిలిటీ బ్రౌన్ తీర్చిన తోట ఇది, చారిత్రక ఉద్యానవనాల జాబితాలో ఉంది. చుట్టుపక్కల ఇళ్ల ధరలు లక్షల పౌండ్లలో ఉన్న మాట నిజమే. అయినా ‘కిటికీలోంచి పచ్చదనం కనిపించాలన్న డబ్బున్నవాళ్ల సరదా’ అని కొట్టిపారేస్తే ఎదురెదురు పార్టీలైన కన్జర్వేటివ్, లేబర్‌ల అప్పటి ఎంపీలు స్టీఫెన్ హామండ్, ఫ్లెర్ ఆండర్సన్ ఒకే మాట మీద ఎలా నిలబడ్డారో అర్థం కాదు.

క్లబ్బు వాదన: మిగతా మూడు గ్రాండ్‌స్లామ్‌లకు అర్హత పోటీలు వాటి ఆవరణలోనే జరుగుతాయి, తమవి మాత్రం రోహాంప్టన్‌లో. పైగా ఇన్నాళ్లూ సభ్యులకే తెరిచిన నేలలో 27 ఎకరాలు జనానికి పార్కుగా ఇస్తాం, చెరువు పూడిక తీయిస్తాం అంటోంది.

2023 అక్టోబర్లో మెర్టన్ సరేనంది. ఉత్తరం వైపు కొంత భాగం పొరుగు కౌన్సిల్ వాండ్స్‌వర్త్ కిందకు వస్తుంది, ఆ కౌన్సిల్ మరుసటి నెలే కాదంది. ఒకే దరఖాస్తుకు రెండు జవాబులు రావడంతో ఫైలు లండన్ మేయర్ ఆఫీసుకు చేరింది. ముందే మద్దతు పలికిన సాదిక్ ఖాన్ తప్పుకున్నారు. డిప్యూటీ మేయర్ జూల్స్ పైప్ 2024 సెప్టెంబర్ 27న అనుమతి ఇచ్చారు. దాన్ని సవాలు చేసిన సేవ్ వింబుల్డన్ పార్క్ బృందం పిటిషన్‌ను 2025 జూలైలో హైకోర్టు కొట్టేసింది.

అంతమాత్రాన కట్టుకోవచ్చని కాదు. ప్లానింగ్ అనుమతి వేరు, ఆ నేల మీద జనానికి ఉన్న హక్కు వేరు. 2023 మార్చిలో ష్రూస్‌బరీలోని ఒక ఆటస్థలం కేసులో బ్రిటన్ సుప్రీంకోర్టు ఒక సంగతి తేల్చింది. ప్రజల విహారం కోసం ట్రస్టు కింద ఉన్న భూమిని కౌన్సిల్ పత్రికా ప్రకటన ఇవ్వకుండా అమ్మితే, కొన్నవాడి చేతిలోనూ ఆ హక్కు పోదు. ఆ తీర్పుతో వింబుల్డన్‌లో చాలామంది చూపు 1993 కాగితాల వైపు మళ్లింది. గోల్ఫ్ మైదానానికీ అలాంటి ట్రస్టు ఉందన్నది ఉద్యమకారుల మాట. అక్కడ ఎప్పుడూ గోల్ఫ్ తప్ప జనం తిరిగింది లేదు, కాబట్టి ట్రస్టూ లేదన్నది క్లబ్బు మాట. అది విడి వ్యాజ్యంగా కోర్టుకెక్కింది. ట్రస్టు సంగతి ఎటు తేలినా, కౌన్సిల్ తన దస్తావేజులో తానే రాసుకున్న షరతులు మాత్రం చెల్లుతున్నాయి. వాటిని అమలు చేయించాల్సింది మెర్టనే, టెన్నిస్ కోర్టులకు మొదట సరేనన్నదీ మెర్టనే.