తెర దించినప్పుడు వచ్చిన మెప్పు

పోయిన నెల క్లాసు అయ్యాక ఒకమ్మాయి ఆగి అడిగింది: "సర్, ఎలక్షన్ల ముందు పెద్దకులాల నాయకులు మా దళితపేటకి వచ్చి మా ఇంట్లో భోంచేస్తారు. మా నాయనమ్మ కొసరి కొసరి వడ్డిస్తుంది. కానీ వాళ్లని ఒక్క ముక్క నమ్మదు. ఆమెకి అనుమానం జబ్బా?"

జబ్బు కాదమ్మా, లెక్క అన్నాను. ఆ లెక్క చెప్పేలోపు బెల్లు కొట్టేశారు.

1991లో అమెరికాలో మనస్తత్వ శాస్త్రవేత్తలు జెన్నిఫర్ క్రాకర్, బ్రెండా మేజర్, మరి ఇద్దరు కలిసి ఒక ప్రయోగం ప్రచురించారు. నాకు ప్రాణంలాంటి ప్రయోగం అది. ఒక గదిలో నల్లజాతి విద్యార్థి తన గురించి రాసిస్తాడు. పక్క గదిలో తెల్లజాతి విద్యార్థి అది చదివి, ఇతనితో స్నేహం ఇష్టమో కాదో చెబుతాడని చెప్పారు. మధ్యలో అద్దం, దానికో తెర. తెర దించి ఉంటే అవతలివాడికి ఇతను కనిపించడు. అప్పుడు అందిన మెప్పుతో ఇతనికి తన మీద గౌరవం పెరిగింది. తెర ఎత్తి ఉన్నప్పుడు అదే మెప్పు అందితే పెరగకపోగా తగ్గింది!

తెర దించి ఉంటే మెప్పుకి ఒకటే కారణం: రాసింది నచ్చింది. ఎత్తి ఉంటే రెండోది వచ్చి చేరుతుంది: నల్లవాణ్ణి కాదంటే చెడ్డపేరొస్తుందన్న భయం. ఏది నిజమో తేల్చుకునే దారి లేనప్పుడు మెప్పు కూడా బరువే.

ఇక నాయనమ్మ లెక్క. అంకెలు ఉదాహరణకి నేను వేసినవి. మనస్ఫూర్తిగా సమానత్వం కోరేవాళ్లు పదిమందిలో 9 మంది పేటలో భోంచేస్తారనుకోండి. ఓటు కోసం నటించేవాళ్లలో పదిమందికి 8 మంది. నిష్పత్తి 9:8. ముందు సగం సగం నమ్మకంతో ఉన్న మనిషికి, భోజనం చూశాక ఆ నమ్మకం 53 శాతానికి చేరుతుంది, అంతే. ఇప్పుడు కులాంతర పెళ్లి తీసుకోండి. మనస్ఫూర్తిగా ఉన్నవాళ్లలోనూ పదిమందికి ఒకరే తమ ఇంట్లో చేస్తారు, నటించేవాళ్లలో వెయ్యిమందికి ఒకరు. నిష్పత్తి 100:1. నమ్మకం 99 శాతం దాటేస్తుంది. మంచివాళ్లలో చాలామంది చేయని పనే గట్టి సాక్ష్యమైంది చూశారా! నటించేవాడికి ఎంత ఖరీదు పడుతుందన్న దాని మీదే అంతా ఉంది. నెమలి పింఛం గురించి 1975లో జీవశాస్త్రవేత్త అమోట్జ్ జహావి చెప్పిందీ ఇదే. నీరసపు నెమలి అంత బరువు మోయలేదు, అందుకే పింఛం నమ్మదగ్గ గుర్తు.

మైల, అంటు అనే మూఢనమ్మకం ఊరంతా ఏలిన రోజుల్లో సహపంక్తి భోజనానికి కూడా ఈ విలువ ఉండేది. కూర్చున్నవాణ్ణి కులం వెలేసేది. ఇప్పుడు ఫొటో వస్తుంది. విస్తరి అదే, అన్నం అదే, ఖరీదు పడిపోయింది. దాంతో సాక్ష్యమూ పలచబడింది. నాయనమ్మకి ఈ మార్పు తెలుసు.

గోరాగారు, అంటే గోపరాజు రామచంద్రరావు, నాలాగే వృక్షశాస్త్రం పాఠం చెప్పిన మనిషి. నాస్తిక భావాల వల్ల లెక్చరర్ ఉద్యోగం పోయింది. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టిన ఆయన, తన పెద్ద కూతురు మనోరమకి దళిత యువకుడు అర్జునరావుతో 1948లో సేవాగ్రామ్‌లో పెళ్లి చేశారు. ఇలాంటి పెళ్లిలో తండ్రి కన్నా ఎక్కువ మూల్యం మోసేది ఆ జంట. నా నిష్పత్తిలో ఆ సంగతి పట్టదు.

అనుమానం మనిషిని గుడ్డివాణ్ణి చేస్తుందంటారు. ప్రయోగాలు మరోలా చెబుతున్నాయి. అమెరికాలోని మైనారిటీ జాతుల వాళ్లలో, తెల్లవాళ్ల ఉద్దేశాల్ని ఎక్కువగా శంకించేవాళ్లే, మాట పడతామన్న భయంతో మర్యాద చూపేవాళ్లని వీడియోల్లో మరింత సరిగ్గా పసిగట్టారు.

టీచర్లకి ఒక మాట. జెఫ్రీ కోహెన్, క్లాడ్ స్టీల్, లీ రాస్ 1999లో నల్లజాతి విద్యార్థుల వ్యాసాల మీద కటువుగానే విమర్శ రాయించారు. దానికి తోడు "ఇక్కడి ప్రమాణం ఎక్కువ, నువ్వు అందుకోగలవు" అని చేర్చినప్పుడు వాళ్లు మళ్లీ రాయడానికి ఉత్సాహపడ్డారు. తప్పులు వెతకడానికి గంట పడుతుంది. 'గుడ్' రాయడానికి క్షణం చాలు. పిల్లలకి ఆ తేడా తెలుస్తుంది.

మొన్న ఆ అమ్మాయి రికార్డులో మందార పువ్వు నిలువుకోత బొమ్మ చూశాను. ఏడు తప్పులు గుర్తుపెట్టి, అండాశయం మళ్లీ గీయమని, నువ్వు గీయగలవని రాశాను. సోమవారానికి పువ్వు మొత్తం గీసి తెచ్చింది.