బ్రూసెల్లోసిస్ ఎంత శాతం? అంకెలు ఎందుకు కలవవంటే

చూడి పశువులు నెలలు నిండకుండానే దూడను పడేసేలా (ఈసుకుపోయేలా) చేసే, మనుషులకూ సోకే అంటువ్యాధి బ్రూసెల్లోసిస్. పాడి ఆవుల్లో, గేదెల్లో ఇది ఎంత ఉందని అడిగితే ఒక్క అంకె చెప్పి ఊరుకోవడం కుదరదు. భారతదేశాన్నే తీసుకోండి. 1998లో వెలువడిన ఒక సర్వే 23 రాష్ట్రాల నమూనాలు చూసి రెండింటిలోనూ 2 శాతం లోపే అంది, 2002 నాటి ఒక సమీక్ష ఆవుల్లో 5, గేదెల్లో 3 అంది, ఇక పశువులు ఈసుకుపోతున్నాయని గోల పెట్టిన ఫారాలకే వెళ్లి రక్తం తీస్తే అంతకన్నా చాలా ఎక్కువ కనిపించడంలో వింత లేదు. ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. ఎక్కడ చూశారు, ఏ పరీక్షతో చూశారు అన్నదే అసలు సంగతి.

ఈ జబ్బు తెచ్చే సూక్ష్మజీవి మొదట దొరికింది మనుషుల్లో. 1887లో మాల్టాలో జ్వరంతో చనిపోయిన బ్రిటిష్ సైనికుల ప్లీహం నుంచి డేవిడ్ బ్రూస్ దాన్ని వేరుచేశాడు. అది పైకి నిక్షేపంగా కనిపించే మేకల నుంచి వస్తోందని థెమిస్టోక్లిస్ జామిట్ కనిపెట్టేసరికి 1905 వచ్చింది. ఈలోగా 1897లో డెన్మార్క్‌లో బెర్నార్డ్ బాంగ్, ఆవులు ఎందుకు ఈసుకుపోతున్నాయో వెతుకుతూ ఇంకో సూక్ష్మజీవిని పట్టుకున్నాడు. రెండూ దగ్గరి చుట్టాలేనని, పచ్చిపాలు ప్రమాదమని 1918లో ఆలిస్ ఎవాన్స్ చెబితే చాలామంది కొట్టిపారేశారు. తర్వాత ఆ జబ్బు ఆమెకే అంటుకుని ఏళ్ల తరబడి పీడించింది.

లెక్క కష్టం కావడానికి సగం కారణం జబ్బు తీరే. చూడి చివరి నెలల్లో ఒకసారి ఈసుకుపోతుంది, మాయ పడక ఇబ్బంది పెడుతుంది, ఆ తర్వాతి ఈతలు చాలావాటికి మామూలుగానే జరుగుతాయి, కానీ పాలలో, ఈనినప్పటి స్రావాల్లో క్రిములు పోతూనే ఉంటాయి. బాగైందనుకుని అమ్మేస్తే జబ్బు కొత్త మందకు చేరుతుంది. రోజ్ బెంగాల్ పరీక్ష ఒక్కో పశువు రక్తం చూస్తుంది, పాల రింగ్ పరీక్ష క్యాన్‌లో కలిసిన పాలతో మంద మొత్తాన్ని చూస్తుంది. వంద పశువుల మందలో రెండింటికే ఉన్నా అది జబ్బున్న మందే. మందల శాతాన్ని పశువుల శాతం అనుకుని వాట్సాప్‌లో తిప్పితే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు.

మిగతా సగం టీకా పుణ్యం. 1923లో జాన్ బక్ ఒక జెర్సీ ఆవు పాల నుంచి తీసిన క్రిమి, గది వేడిలో ఏడాదికి పైగా పడి ఉండి తీవ్రత పోగొట్టుకుంది. అదే స్ట్రెయిన్ 19 టీకా. పనిచేసింది, కాకపోతే అది పుట్టించే యాంటీబాడీలను మామూలు పరీక్షలు జబ్బు తాలూకువే అనుకుంటాయి. అందుకే పెయ్య దూడలకు చిన్న వయసులోనే వేస్తారు. తర్వాత వచ్చిన ఆర్‌బీ51 అనే టీకాతో ఆ గందరగోళం లేదు.

ఆస్ట్రేలియా వంటి దేశాలు టీకాతో పాటు పరీక్షించి పాజిటివ్ పశువులను వధించి, 1989 నాటికి దీన్ని వదిలించుకున్నాయి. వధ కుదరని చోట, పరిహారం లేని చోట మిగిలేది టీకానే. భారత్ 2019లో మొదలుపెట్టిన జాతీయ కార్యక్రమం గురి 4 నుంచి 8 నెలల పెయ్యలు. అంటే ఇకపై రక్త పరీక్షలో పాజిటివ్ వస్తే, ఆ పశువు చెవి ట్యాగ్ నంబరు మీద టీకా ఎప్పుడు వేశారో చూసుకోవాలి, అది జబ్బో టీకానో తేల్చడానికి ఇంకో పరీక్ష కూడా కావాల్సి రావచ్చు.